కొట్టివేతకు సంతకం

ప్రతి ఆదివారం రెండో పాట అయిపోగానే, ప్రేమ్ రాజ్‌కు ఉద్యోగం లేదన్న సంగతిని దేవుడికి ఒకసారి గుర్తుచేస్తారు. శంషాబాద్‌లో హైవేకు కాస్త లోపలగా ఉన్న ఆ చిన్న చర్చిలో ఇది పదహారేళ్లుగా జరుగుతోంది. ఆ పదహారేళ్లూ ప్రేమ్ రాజ్ గగన్‌పహాడ్‌లో ఒక నూనె ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూనే ఉన్నాడు.

బయటివాళ్లు వింటే ఇదేం చోద్యమమ్మా అంటారు. చర్చిలో మాత్రం ఎవరూ అనలేదు, అందరికీ అలవాటైపోయింది. "కౌసల్యమ్మ మోకాళ్ల నొప్పుల కొరకు, వానల కొరకు, మన ప్రేమ్ రాజ్‌కు మంచి ఉద్యోగం కొరకు" అని ఒక నోటు పుస్తకంలోంచి వరసగా చదువుకుంటూ పోతారు. అడిగింది దొరికినవాళ్లు లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు, అప్పుడు వాళ్ల లైను కొట్టేస్తారు. కౌసల్యమ్మ మోకాళ్లు నయమయ్యాయి, మళ్లీ పట్టుకున్నాయి, మళ్లీ నయమయ్యాయి. వానలు ఒక ఏడు పడ్డాయి, ఒక ఏడు ఎగ్గొట్టాయి. ప్రేమ్ రాజ్ లైను మాత్రం కదల్లేదు. ఏటా జనవరిలో కొత్త పుస్తకం కొన్నప్పుడు శుభ్రంగా అందులోకి ఎక్కుతుంది.

ఆ చదివేది పరాయివాళ్లయితే ఒక మాట అనుకోవచ్చు. చదివేది ప్రేమ్ రాజ్ కన్నతండ్రి, సంఘపెద్ద ప్రేమయ్య.

ప్రేమయ్య పట్నంలో ఒక బ్యాంకులో ముప్పై రెండేళ్లు అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఫైళ్లు మోశాడు, ఆఫీసర్ల బల్లలు తుడిచాడు, చాయ్‌లు అందించాడు. అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైన పని, ఆఫీసరు సంతకం పెడుతుంటే పక్కన కాగితం పట్టుకుని నిలబడటం. కలం ఒక్కసారి అలా తిరగ్గానే ఉత్త కాగితం కాస్తా చెల్లుబాటు కాగితం అయిపోవడం ఆయనకు మహిమలాగా తోచేది. కొడుకు పుట్టిన రోజే ఖాయం చేసేసుకున్నాడు, వీడు ఆ కుర్చీలో కూర్చుంటాడు.

ఊరికే అనుకుని ఊరుకోలేదు మహానుభావుడు. పిల్లవాడికి ఏడేళ్లు రాగానే సంతకం నేర్పించడం మొదలుపెట్టాడు. బ్యాంకులో పారేసే కాగితాలు తెచ్చి, వెనకవైపు రోజూ వంద సంతకాలు పెట్టించేవాడు. తోటి పిల్లలు బయట గోలీలు ఆడుతుంటే ప్రేమ్ రాజ్ లోపల చాప మీద కూర్చుని, పొడుగాటి 'పి' వేసి, చివరి అక్షరం నుంచి గీతను వెనక్కి లాగి, దాని కింద రెండు చుక్కలు పెట్టేవాడు. ఎనభై దాటాక వేళ్లు నొప్పి పుట్టేవి. "ఆఫీసర్లు దినానికి వెయ్యి పెడ్తరు రాజూ, వందకే ఏడుస్తవా?" అనేవాడు తండ్రి. దాంతోపాటు ఒక నియమం కూడా నూరిపోశాడు. రాసింది కొట్టేస్తే పక్కన ఆఫీసరు సంతకం ఉండాలి, లేకపోతే ఆ కొట్టివేత చెల్లదు. ఎక్కాల కన్నా ముందు ప్రేమ్ రాజ్‌కు వచ్చిన పాఠం ఇది.

సంతకం వచ్చింది, కుర్చీ రాలేదు. బీకాం పాసై, ఎనభై మూడులో మొదటిసారి బ్యాంకు పరీక్ష రాసినప్పుడు ప్రేమయ్య గంపెడాశతో ఆ లైను పుస్తకంలో ఎక్కించాడు, 'ప్రేమ్ రాజ్‌కు బ్యాంకు ఉద్యోగం కొరకు' అని. ఐదుసార్లు రాశాడు. ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఆ తర్వాత వయసు దాటిపోయింది. వయసు దాటిన ఏడాది ప్రేమయ్య లైను కొట్టేయలేదు. 'బ్యాంకు' తీసేసి 'మంచి' అని రాశాడు, అంతే.

మొదటి పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఖాళీగా ఎందుకని రెండు నెలల కోసం చేరిన ఫ్యాక్టరీలో ప్రేమ్ రాజ్ అలాగే ఉండిపోయాడు. బాయిలర్ దగ్గర పని. నీళ్లను మరిగించి ఫ్యాక్టరీ అంతటికీ ఆవిరి పంపే ఇనప రాక్షసి అది. గాజు గొట్టంలో నీటిమట్టం చూడాలి, ఆవిరి ఒత్తిడి చూడాలి, గంట గంటకూ లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టాలి. నీళ్లు తగ్గడం కనిపెట్టకపోతే షెడ్డు లేచిపోతుంది, షెడ్డులో ఉన్నవాళ్లూ లేచిపోతారు. ప్రేమ్ రాజ్ చేతిలో పదహారేళ్లలో ఒక్కసారి కూడా అది పేచీ పెట్టలేదు. చప్పుడు విని నీళ్లెంత ఉన్నాయో చెప్పగలడు. సర్కారు పరీక్షలు రెండు రాసి, మొదటి తరగతి బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాడు. అది ట్రంకు పెట్టెలో చీరల కింద ఉంది. దాన్ని గోడకు తగిలించాలని అతనికే తోచలేదు.

తోచకపోవడమే అసలు జబ్బు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చి, చెవుల పక్కన వెంట్రుకలు నెరిసినా, ప్రేమ్ రాజ్ లోపల ఇంకా బ్యాంకు వాళ్ల ఉత్తరం కోసం ఎదురుచూస్తున్న కుర్రవాడే ఉన్నాడు. ఎవరైనా ఏం చేస్తున్నావంటే "ఏదో, టెంపరరీ" అనేవాడు. షిఫ్టు దిగాక ఫ్యాక్టరీలోనే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గానీ బస్సెక్కేవాడు కాదు. కూతురు జెన్నిఫర్ పదో తరగతి ఫారంలో 'తండ్రి వృత్తి' అన్న చోట 'ప్రైవేట్' అని రాసి, కింద మాత్రం బ్యాంకు మేనేజరు కూడా అసూయపడే సంతకం పెట్టాడు.

తొంభై తొమ్మిది మార్చిలో చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, చిన్నవయసు, అందరినీ అండీ అని పిలిచే రకం. మొదటి ఆదివారమే ప్రేమయ్య మనవులు చదువుతుంటే ఆయన మధ్యలో చెయ్యెత్తి ఆపారు.

"ఉద్యోగం కోసం ప్రార్థించమన్న ప్రేమ్ రాజ్ గారు వచ్చారాండీ? ఒక్కసారి లేచి నిలబడితే అందరం చేతులు చాపి ప్రార్థన చేద్దాం."

ఎవరో ఇరవై రెండేళ్ల కుర్రవాడు లేస్తాడనుకున్నారు పాపం అయ్యగారు. మగవాళ్ల వైపు జంపఖానా మీద నుంచి, మోకాలు పట్టుకుని, రాత్రి షిఫ్టు కళ్లతో ప్రేమ్ రాజ్ లేచాడు. అయ్యగారు ఒక క్షణం తడబడి, చాలా దయగా అడిగారు.

"ఎన్నాళ్ల నుంచి ఖాళీగా ఉంటున్నారు, బ్రదర్?"

ప్రేమ్ రాజ్ తండ్రి వైపు చూశాడు. ఇప్పుడైనా, ఇంతమందిలోనైనా, వీడికి ఉద్యోగం ఉంది అయ్యగారూ అని ఆయన ఒక్క మాట అంటాడేమోనని చూశాడు. ప్రేమయ్య పుస్తకంలోకి చూస్తున్నాడు. ప్రేమ్ రాజ్‌కు ఒళ్లు మండింది. అలసట మీద మండితే నోరు మనిషి చేతిలో ఉండదు.

"పదహారేండ్ల నుంచి అయ్యగారూ," అన్నాడు.

అందరూ చేతులు చాపారు, అయ్యగారు కన్నీళ్లతో ప్రార్థించారు. ఆడవాళ్ల వైపు అతని భార్య సునీల చెంగుతో మొహం దాచుకుంది. జెన్నిఫర్ మాత్రం కళ్లు మూసుకోలేదు. అంత ప్రార్థన సేపూ తండ్రినే చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చి అన్నాలు తింటుండగా ఆ పిల్ల అడిగింది.

"డాడీ, నువ్వు ఖాళీగ ఉన్నవా? మరి రోజు యాడికి పోతున్నవ్?"

"ఊకో బిడ్డా. ఏదో కోపంల అన్న."

"నువ్వు నైట్ షిఫ్ట్ పోయి వచ్చి చర్చికి వచ్చినవ్. నిలబడి ఖాళీగ ఉన్న అని చెప్పినవ్. నాకు సిగ్గయింది డాడీ."

"నా పనికా?"

"పనికి కాదు. నువ్వు అబద్ధం చెప్పినందుకు."

ప్రేమ్ రాజ్ చేతిలోని ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. తప్పంతా ఇన్నాళ్లూ తండ్రిదనుకున్నాడు. పదిహేనేళ్ల పిల్ల వచ్చి, చదివేది ఆయనైతే కావచ్చు, లేచి ఒప్పుకున్నది నువ్వే కదా అన్నట్టుగా పెట్టింది ఒక్కటి.

అదే సమయానికి ప్రేమయ్య చేయి కడుక్కుని, ఏమీ జరగనట్టే, అలమరలో బైబిలు కింద ఉండే నోటు పుస్తకం తీశాడు. "ఇగ జెన్నిఫర్ పరీక్షలొచ్చినయ్. దాని పేరు గూడ ఎక్కిద్దాం. ఈడికి విమానాల అడ్డా వస్తదంటున్నరు గదా, దాంట్ల ఆఫీసర్లు కావాలె. జెన్నిఫర్‌కు ఎయిర్‌పోర్టు ఆఫీసర్ ఉద్యోగం కొరకు. ఏమంటవ్ రాజూ?"

శంషాబాద్ పక్కన అప్పటికి విమానాశ్రయం లేదు, ద్రాక్షతోటలూ రాళ్లగుట్టలూ జొన్నచేలూ ఉన్నాయి. వస్తుందని హోటళ్ల దగ్గర అనుకోవడమే గాని ఒక్క ఇటుక పడింది లేదు. లేని విమానాశ్రయంలో మనవరాలికి కుర్చీ వేయించేశాడు ప్రేమయ్య. నవ్వొచ్చే మాటే. కానీ ప్రేమ్ రాజ్‌కు నవ్వు రాలేదు. ఎందుకంటే ఎయిర్‌పోర్టు ఆఫీసరు అన్న మాట అతని చెవికి ఒక్క క్షణం తియ్యగా తగిలింది. నా బిడ్డ ఇస్త్రీ బట్టల్లో, ఏసీ గదిలో అని లోపల ఎవరో ఆశగా లేచి కూర్చున్నారు. అంటే ఆ జబ్బు తనకూ అంటుకుంది, తన చేత్తో పిల్లకు అంటించడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ సంగతి తెలిసి అతనికి తన మీద తనకే భయం వేసింది.

జెన్నిఫర్ కంచం ముందు నుంచి లేచింది. "తాతా, నా పేరు రాస్తే మల్ల తీసేదెవరు? డాడీ పేరే ఎవరు తీస్తలేరు. నేను ముసల్దాన్నయ్యేదాక చదువుతనే ఉంటరా?"

"అట్లంటవేందే? దేవునికి అప్పజెప్పుతున్న."

"నేను ఏమైతనో నాకే ఇంక తెల్వది తాతా. దేవునికి నువ్వు ముందే ఎందుకు చెప్తవ్?" అని లోపలికి పోయింది.

ఇంట్లో గాలి బిగుసుకుపోయింది. ప్రేమయ్య భార్య వరమ్మ గిన్నెలు గట్టిగా సర్దడం మొదలుపెట్టింది, అది ఆమె కోపం. ప్రేమ్ రాజ్ తండ్రి ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి అడిగాడు.

"బాపూ, నా పేరు కొట్టెయ్."

"ఎందుకు కొట్టెయ్యాలె? దొరికిందా?"

"దొరికి పదహారేండ్లాయె. బువ్వ తింటున్నం గదా. ఇల్లు నడుస్తున్నది గదా."

"అది నౌకరీ అంటర్రా? పొగల, బొగ్గుల..." ప్రేమయ్య పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను బల్లలు తుడిచిన రాజూ. నువ్వు తుడవద్దని తుడిచిన. నీ పేరు కొట్టేస్తే నీమీద ఆశ వదులుకున్నట్టు కాదా? నేను బతికి ఉండంగ ఆ పని జెయ్య."

ముసలాయన మొండితనమని ఇన్నాళ్లూ అనుకున్నదంతా ప్రేమేనని ప్రేమ్ రాజ్‌కు అప్పుడు అర్థమైంది. అర్థమై ప్రాణం ఇంకా ఉసూరుమంది. మొండితనమైతే తిట్టుకోవచ్చు. ప్రేమను ఏం చేసుకుంటాడు?

"ఆశ పెట్టుకున్నవ్ గాని, నన్ను ఎన్నడన్న చూసినవా బాపూ? నేను ఏం జేస్తనో ఒక్కసారన్న వచ్చి చూసినవా?"

ప్రేమయ్య లేచి పుస్తకాన్ని అలమరలో పెట్టేశాడు. గగన్‌పహాడ్ బస్సులో పావుగంట దూరం. బ్యాంకుకు పోయేటప్పుడు ముప్పై రెండేళ్లు ఆ దారినే పోయాడు, వచ్చాడు. ఒక్కనాడూ దిగలేదు.

ఆ గురువారం మొదటి షిఫ్టు అయ్యాక ప్రేమ్ రాజ్ చోటికి రావాల్సిన మనిషి రాలేదు. బాయిలర్‌ను వదిలి రావడానికి లేదు, రాత్రి పది దాకా ఉండాల్సిందే. షిఫ్టు దిగి పోతున్న కుర్మయ్య, బొగ్గు వేసే ఫైర్‌మన్, శంషాబాద్ మనిషే, ఇంటికి కబురు తీసుకెళ్లాడు. గడపలో నిలబడి, "ప్రేమన్న లేకుంటే ఇయ్యాల ఫ్యాక్టరీ బందే పెద్దయ్యా. అన్నం పంపుండ్రి," అన్నాడు.

వరమ్మ టిఫిన్ క్యారియర్ కట్టి మొగుడి ముందు పెట్టింది. "నువ్వే పోవాలె," అంది. సునీల నేను పోతానత్తమ్మా అంటే కూడా వినలేదు. "నోటితోటి వాడిని పదహారేండ్లు బాధపెట్టినవ్. ఒక్కసారి చేతితోటి బువ్వ ఇచ్చిరా, అరిగిపోవు," అని తెగేసి చెప్పింది. యాభై ఏళ్ల కాపురంలో ఆమె అంత గట్టిగా మాట్లాడటం అరుదు. ప్రేమయ్య చెప్పులేసుకున్నాడు.

వాచ్‌మన్ వెంట బాయిలర్ షెడ్డులోకి వచ్చిన తండ్రిని చూసి ప్రేమ్ రాజ్ నిలువునా ఆగిపోయాడు. మొహమంతా మసి, బనీను మీద చెమట, చేతిలో నూనె గుడ్డ. ఇస్త్రీ చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. పదహారేళ్లుగా ఎవరి కంట పడకూడదనుకున్నాడో వాళ్ల కంటనే పడ్డాడు. ప్రేమయ్య క్యారియర్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. వేడి ఆయన మొహానికి కొట్టింది.

"గింత వేడి ఉంటదా?"

"ఎండకాలం ఇంక ఎక్కువుంటది. గీడ కూసో బాపూ, జర గాలొస్తది."

స్టూలు వేశాడు. ముసలాయన కూర్చోకుండా చుట్టూ చూశాడు. మోత, పైపులు, గడియారాల్లాంటి మీటర్లు. కొడుకు ఒక చక్రం తిప్పడం, గాజు గొట్టంలోకి వంగి చూడటం, కొత్త ఫైర్‌మన్‌ను ఒక్క చేతి సైగతో ఆపడం చూశాడు. తర్వాత ఆయన కళ్లు బల్ల మీదికి పోయాయి. లాగ్‌బుక్కు అక్కడ తెరిచి ఉంది.

ప్రేమయ్య అద్దాలు పెట్టుకుని వంగాడు. పేజీ నిండా గంటకొక వరస, వరస చివర ఒక సంతకం. పొడుగాటి 'పి', వెనక్కి లాగిన గీత, కింద రెండు చుక్కలు. పేజీ తిప్పాడు, మళ్లీ సంతకాలు. ఇంకో పేజీ, ఇంకో పేజీ. ఒక చోట వేలు పెట్టి ఆగాడు.

"ఈడ కొట్టేసినవ్."

"అంకె తప్పు పడ్డది. పక్కకు సంతకం చేసిన, చూడు."

"ఆఁ, చేసినవ్," అన్నాడు ప్రేమయ్య. ఆ మాటలో ఆఫీసు వాసన ఉంది. ఒక పని తెలిసినవాడు ఇంకో పని తెలిసినవాడితో అన్న మాట. ప్రేమ్ రాజ్ సిగ్గు లేకుండా, ఏడేళ్ల పిల్లవాడిలాగా, వంద సంతకాలూ పూర్తి చేసి చాప మీద నుంచి తలెత్తినప్పటిలాగా, ఆయన ఇంకేదైనా అంటాడేమోనని నిలబడ్డాడు. బాగుందిరా అంటే చాలు. ఒక్కసారి.

ప్రేమయ్య భుజం మీది తువ్వాలు తీసి పేజీ మీద పడిన మసిని మెల్లగా తుడిచాడు. "ఈ పుస్తకాలు నిండినంక ఏం జేస్తరు?"

"స్టోర్ రూంల పడేస్తరు."

"బంగారమసొంటి సంతకం," అన్నాడు ఆయన, కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ పొగల పాడైపాయె గదరా రాజూ."

ప్రేమ్ రాజ్‌కు దుఃఖమూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండింటికీ తీరిక లేదు, గంట అయింది. వెళ్లి ఒత్తిడి చూశాడు, నీళ్లు చూశాడు, అంకెలు రాశాడు, సంతకం పెట్టాడు. రాసి తలెత్తేసరికి ఒక సంగతి అతనికి స్పష్టంగా తెలిసిపోయింది. ఈయన అనడు. కళ్లతో చూసి, చేత్తో తాకి కూడా అనలేకపోయాడు. అనలేకపోవడం ఆయన తప్పు కూడా కాదు, ఆయనకు కనిపించేది ఆ కుర్చీ ఒక్కటే. ఆ లైను ఆయన ఎన్నటికీ కొట్టేయడు, కొట్టేయాల్సినవాడు వేరే ఉన్నాడు.

"బువ్వ చల్లగైతది, తిను," అన్నాడు ప్రేమయ్య. తినేదాకా స్టూలు మీద కూర్చుని, ఖాళీ క్యారియర్ పట్టుకుని వెళ్లిపోయాడు.

శనివారం సాయంత్రం వెలుగుండగానే ప్రేమ్ రాజ్ ఇంటికి వచ్చాడు. ఆ రోజు ఫ్యాక్టరీలో స్నానం చేయలేదు, చొక్కా మార్చలేదు. మసిబట్టల్లోనే బస్సెక్కి, బజారు మధ్యలోంచి నడిచి వచ్చాడు. ఒకరిద్దరు వింతగా చూశారు. చూస్తే చూడనీ అనుకునేంత తెగింపేం కాదది, ఇక మార్చుకునే ఓపిక లేక. ఇన్నేళ్లు మోసిన ఇస్త్రీ చొక్కా బొగ్గు కన్నా బరువని ఆ నడకలో తెలిసింది.

తండ్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు. రేపటి కోసం నోటు పుస్తకం ఒళ్లో ఉంది. సునీల చేటలో బియ్యం ఏరుతోంది, జెన్నిఫర్ గోడకు ఆనుకుని లెక్కలు చేసుకుంటోంది.

"బాపూ, పుస్తకం జర ఇయ్యి."

"చేతులు కడుక్కో ముందుగాల."

కడుక్కుని వచ్చాడు. పుస్తకం తీసుకుని గడప దగ్గర వెలుతురులో కూర్చున్నాడు. మూడో లైను, తండ్రి గుండ్రటి అక్షరాల్లో, 'ప్రేమ్ రాజ్‌కు మంచి ఉద్యోగం కొరకు.' జేబులోంచి పెన్ను తీశాడు. స్కేలు పెట్టినట్టు తిన్నగా, ఒకే ఒక్క గీత గీశాడు.

"ఏయ్, ఏం జేస్తున్నవ్ రా!" ప్రేమయ్య మంచం మీద నుంచి లేచాడు.

ప్రేమ్ రాజ్ తొందరపడలేదు. గీత పక్కన, మార్జిన్‌లో, పొడుగాటి 'పి' వేశాడు. చివరి అక్షరం నుంచి గీతను వెనక్కి లాగాడు. కింద రెండు చుక్కలు పెట్టాడు. కింద తేదీ కూడా వేసి పుస్తకం తండ్రికి ఇచ్చాడు.

"నువ్వు చెప్పినట్టే చేసిన బాపూ. కొట్టేసిన, పక్కకు సంతకం చేసిన. చూసుకో."

ప్రేమయ్య అద్దాలు పెట్టుకున్నాడు. ముప్పై రెండేళ్లు కొట్టివేతల పక్కన సంతకాలు వెతికిన కళ్లవి. గీత చూశాడు, సంతకం చూశాడు, తేదీ చూశాడు. ఎక్కడా లోపం లేదు. ఎవరితోనో చెబుతున్నట్టు, "సరింగనే ఉన్నది," అన్నాడు. అని పుస్తకం మూసి అలా కూర్చున్నాడు. ఆయన ఒక్కసారిగా బాగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు. ప్రేమ్ రాజ్‌కు జాలేసింది, పెట్టిన సంతకం వెనక్కి తీసుకుందామా అని కూడా అనిపించింది. తీసుకోలేదు.

అప్పుడు జెన్నిఫర్ లేచి వచ్చి, "తాతా, నా పేరు నేనే రాసుకుంట, ఇయ్యి," అంది. ఏం రాసిందో ఎవరికీ చూపించలేదు.

ఆదివారం రెండో పాట అయిపోయింది. ప్రేమయ్య లేచి పుస్తకం తెరిచాడు. "కౌసల్యమ్మ మోకాళ్ల నొప్పుల కొరకు," అన్నాడు. "వానల కొరకు," అన్నాడు. అక్కడ ఆగాడు. అందరూ అలవాటుగా ఆ మూడో పేరు కోసం సిద్ధంగా ఉన్నారు, కొందరి పెదాలు ముందే కదిలాయి కూడా. ప్రేమయ్య వేలు మూడో లైను మీద ఉండిపోయింది. ఆ తర్వాత కిందికి జరిగింది.

సంతోషం కలుగుతుందనుకున్నాడు ప్రేమ్ రాజ్. కలగలేదు. పదహారేళ్లు వారం తప్పకుండా ఒక మనిషి తన పేరు నలుగురిలో పలికాడు, ఈ వారం పలకలేదు. భుజం మీద ఎప్పటి నుంచో ఉన్న చెయ్యి ఎవరో తీసేసినట్టు అక్కడంతా బోసిగా అయింది. ఆ చెయ్యి బరువు తనకు ఇంత అలవాటైపోయిందా అని ఆశ్చర్యపోయాడు. కళ్లు మండాయి.

"జెన్నిఫర్‌కు..." ప్రేమయ్య అద్దాలు సర్దుకుని మనవరాలి అక్షరాలు కూడబలుక్కున్నాడు. "జెన్నిఫర్‌కు లెక్కల పరీక్ష కొరకు. ఈ ఒక్క ఆదివారానికే."

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. కొత్త అయ్యగారు కూడా నవ్వు ఆపుకుని, "ఆమేన్, ఈ ఒక్క ఆదివారానికే చేద్దాం," అన్నారు. జెన్నిఫర్ ఈసారి కళ్లు గట్టిగా మూసుకుంది.

ఆరాధన అయ్యాక బయట చెప్పులేసుకుంటుండగా పాతకాపు గోపయ్య ప్రేమయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఆయనకు ఏదీ మనసులో ఉంచుకునే అలవాటు లేదు. "ఏంది ప్రేమయ్యా, ఇయ్యాల రాజు పేరు చదవలే? మర్సిపోయినవా?"

"మర్సిపోలే. కొట్టేసినం."

"అట్లనా! అయితే పోరనికి నౌకరి దొరికిందన్నట్టు?"

ప్రేమ్ రాజ్ పక్కనే ఉన్నాడు. వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నవాడు అలాగే వంగి ఉండిపోయాడు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు ఉంది, ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది, దీనికి తండ్రి ఏమంటాడో విని పోతే చాలు. అయినా ఆయన మాట మార్చేస్తాడనే అనుకున్నాడు.

ప్రేమయ్య చేతికర్రను నేలకు ఆనించి నిలబడ్డాడు.

"ఆఁ, దొరికింది," అన్నాడు. కొడుకు వైపు చూడకుండా, చేతికర్ర వైపు చూస్తూ, కష్టం మీద తక్కినది కూడా చెప్పాడు. "దొరికి పదహారేండ్లాయె."